పెట్టుబడి, ప్రాణం, ప్రయాణం
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కమిటీ వారు మాకు మూడు విషయాలు ఇచ్చారు. చిన్న వ్యాపారానికి డబ్బు ఎక్కడ దొరుకుతుంది, మనిషి తన మీద తాను కాస్త దయ ఎలా చూపుకోవాలి, తక్కువ ఖర్చులో విమానం ఎలా ఎక్కాలి. మూడూ అరగంటలో చెప్పమన్నారు. మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునే వాళ్లం. బ్యాంకు మాది కాదు, విమానం అంతకన్నా కాదు. అయితే సాయంత్రం బడి వదిలాక దరఖాస్తులు నింపించుకోవడానికి మా దగ్గరకు వచ్చే వాళ్లను చూస్తూ ఉంటే, ఈ మూడూ ఒకే ఇంటి సంగతులని తోస్తుంది. దుకాణానికి అప్పు తెచ్చిన తండ్రి రాత్రి నిద్రపట్టక దొర్లుతూ ఉంటాడు. ఆ అప్పు తీర్చడానికని కొడుకు దుబాయి టిక్కెట్టు వెతుక్కుంటూ ఉంటాడు. అందుకని కమిటీ వారు కలిపి ఇచ్చిన దాన్ని మేము కూడా కలిపే చెబుతాము.

అప్పు సంగతి ముందు. ఈ విషయంలో మన విజయవాడకు ఒక చెడ్డపేరు ఉంది, దాచుకొని లాభం లేదు. 2015 డిసెంబరులో కాల్ మనీ వ్యవహారం బయటపడ్డప్పుడు రాష్ట్రమంతా మన ఊరి పేరే చెప్పుకున్నారు. అవసరానికి క్షణంలో డబ్బు చేతిలో పెట్టడం, ప్రామిసరీ నోటు మీద, ఖాళీ చెక్కు మీద సంతకాలు పెట్టించుకోవడం, పిలిచినప్పుడు కట్టకపోతే ఇంటి మీదికి రావడం, ఆడవాళ్లను వేధించడం, ఇవన్నీ పత్రికలకెక్కాయి. కేసులు పెట్టారు, అరెస్టులు జరిగాయి. తర్వాత ఆ పేరు వినబడటం తగ్గింది. ఆ పద్ధతి మాత్రం పూర్తిగా పోయిందని మన వన్ టౌన్‌లో గాని, వించిపేటలో గాని, సింగ్‌నగర్‌లో గాని ఎవరైనా గుండె మీద చేయి వేసుకుని చెప్పగలరా? మేమైతే చెప్పలేము.

రోజువారీ ఫైనాన్సు లెక్క ఒకటి చూద్దాం. ఇది మా ఎనిమిదో తరగతి పిల్లలకు కూడా బోర్డు మీద వేసి చూపించాము. బండి మీద పండ్లు అమ్ముకునే ఒకాయన 10,000 రూపాయలు తీసుకున్నాడు. చేతికి వచ్చింది 8,500. మిగతాది ముందే పట్టుకున్నారు. రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలి. ఆయన ఏమంటాడంటే, “మాస్టారూ, పదిహేను వందలేగా పోయేది, నూటికి పదిహేనేగా!” అంటాడు. కాదు నాయనా. ఆ 8,500 నూరు రోజులూ నీ దగ్గర ఉందా? రెండో రోజు నుంచే తిరిగి పోతూ ఉంది. సగటున నీ చేతిలో ఉన్నది సుమారు 4,250. దాని మీద నూరు రోజులకు 1,500 ఇచ్చావు. ఏడాదికి లెక్క కడితే నూటికి నూట ఇరవై దాటిపోయింది. పిల్లలు లెక్క పూర్తి చేసి నోరు తెరిచారు. వాళ్లలో ఇద్దరు ముగ్గురు నోరు తెరవలేదు, తలలు వంచుకున్నారు. వాళ్ల ఇళ్లలో ఏ లెక్క నడుస్తోందో మేము అడగలేదు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, భవానీపురం, విద్యాధరపురం వైపు ఇళ్లన్నీ మునిగాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల 43 వేల క్యూసెక్కుల వరద వచ్చింది. కుట్టుమిషన్లు, ఫ్రిజ్‌లు, ఆటోలు, కిరాణా సరుకు, అన్నీ నీళ్లలోనే. ప్రభుత్వం కింది అంతస్తు ఇంటికి 25,000 ఇచ్చింది, చిన్న కొట్లకు కూడా ప్రకటించింది. కొందరికి అందింది, కొందరికి పేరు లిస్టులో లేదన్నారు. అయితే వరద డబ్బు వచ్చే లోపల మిషను బాగు చేయించాలి, సరుకు తేవాలి. ఆ పదిహేను ఇరవై రోజుల సందులోనే వడ్డీవాళ్లు మళ్లీ గడప తొక్కారు. ఆ రోజుల్లో తీసుకున్న అప్పులు ఇప్పటికీ కడుతున్న వాళ్లు ఈ హాలులో కూర్చుని ఉన్నారు.

ఇక్కడ ఒక కష్టమైన మాట చెప్పాలి. పెద్దలు కోపగించుకోవద్దు. మన వాళ్లలో చాలామంది బ్యాంకుకు ఎందుకు పోరంటే, వడ్డీ హరామ్ కదా అంటారు. ఆ భయం మంచిదే, దాన్ని తక్కువ చేసి మాట్లాడే అర్హత మాకు లేదు. ఏది జాయిజ్, ఏది కాదు అన్నది ఉలమాలు చెప్పవలసిన విషయం, స్కూలు మాస్టరు చెప్పేది కాదు. మాకు అర్థం కానిది మాత్రం ఒకటి ఉంది. బ్యాంకు నూటికి పన్నెండు అంటే హరామ్ అని మెట్లు దిగి వచ్చిన మనిషి, అదే సాయంత్రం నూటికి నూట ఇరవై వాడి దగ్గర వేలిముద్ర వేసి వస్తాడు. ఇదేమి తఖ్వా? వడ్డీ వద్దనుకుంటే వడ్డీ లేని దారి కట్టుకోవాలి. అది మన చేతిలో ఉన్న పనే. దాని సంగతికి వస్తాము.

ముందు ప్రభుత్వం వైపు ఏమున్నాయో చెప్పేస్తాము, ఎవరి మనస్సాక్షి ప్రకారం వారు ఎంచుకోండి. వీధి బండ్ల వాళ్లకు పీఎం స్వనిధి ఉంది. కరోనా కాలంలో, 2020 జూన్‌లో 10,000తో మొదలయింది. 2025 ఆగస్టులో మార్చారు. మొదటి విడత 15,000, అది సరిగా కడితే రెండవది 25,000, మూడవది 50,000. బీసెంట్ రోడ్డు మీద బట్టలు పెట్టుకునే కుర్రవాళ్లు, తోపుడు బండ్ల వాళ్లు ముందుగా మునిసిపల్ కార్పొరేషను గుర్తింపు కార్డు గాని, సిఫారసు ఉత్తరం గాని తెచ్చుకోవాలి. కార్డు లేనివాడికి రోడ్డు మీద హక్కు లేదు, బ్యాంకులో అప్పు లేదు.

కొంచెం పెద్ద దుకాణానికి ముద్రా. 2015 ఏప్రిల్‌లో వచ్చింది. శిశు అంటే 50,000 దాకా, కిశోర్ 5 లక్షల దాకా, తరుణ్ 10 లక్షల దాకా. తరుణ్ అప్పు తీర్చిన వాళ్లకు 20 లక్షల దాకా ఇస్తామని 2024 బడ్జెట్‌లో చెప్పారు. 10 లక్షల లోపు ముద్రా అప్పుకు ఆస్తి తాకట్టు అడగరాదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. “ఇంటి కాగితాలు తెచ్చుకో” అని కౌంటరులో ఎవరైనా అంటే, మర్యాదగా, “అయ్యా, ఆ మాట కాగితం మీద వ్రాసి ఇవ్వండి” అనండి. చాలాసార్లు అక్కడితో దారి తెరుచుకుంటుంది.

దర్జీలకు, కమ్మరి పని వాళ్లకు, తాళాలు చేసేవాళ్లకు, బొమ్మలు చెక్కేవాళ్లకు పీఎం విశ్వకర్మ అని 2023 సెప్టెంబరులో పెట్టారు. మొత్తం 18 వృత్తులు. శిక్షణ రోజుల్లో రోజుకు 500, పనిముట్లకు 15,000, అప్పు మొదట లక్ష, తర్వాత రెండు లక్షలు, వడ్డీ నూటికి 5. కొండపల్లి నుంచి మన దర్జీ వీధుల దాకా ఎంతమంది దీని పేరు విన్నారు? పోయిన నెల మేము అడిగిన తొమ్మిది మంది దర్జీలలో ఇద్దరు విన్నారు, ఒక్కరూ దరఖాస్తు పెట్టలేదు. ఇక 1985లో ఏర్పడిన మన రాష్ట్ర మైనారిటీస్ ఫైనాన్స్ కార్పొరేషను ఉంది. అక్కడ పథకాలు వస్తుంటాయి, పోతుంటాయి. ప్రకటన వచ్చిన పది రోజుల్లో కాగితాలు సిద్ధంగా ఉన్నవాడికే పని అవుతుంది. ప్రకటన చూసిన తర్వాత కుల, ఆదాయ ధ్రువపత్రాలకు పరుగెత్తే వాడికి గడువు మిగలదు.

ఉద్యమ్ రిజిస్ట్రేషను 2020 జూలై నుంచి ఉంది, పూర్తిగా ఉచితం. దానికి వెయ్యి, రెండు వేలు తీసుకుంటున్న ఇంటర్నెట్ కొట్లు మన పేటలోనే ఉన్నాయి. పైసా ఇవ్వొద్దు. సెల్ ఫోనులో అయిదు నిమిషాల్లో అప్పు ఇస్తామనే యాప్‌ల జోలికి అసలే పోవద్దు. కాల్ మనీ వాడు వీధిలో నిలబడి తిట్టేవాడు. ఈ యాప్ వాళ్లు నీ ఫోనులో ఉన్న అందరికీ నీ ఫోటో పంపిస్తారు. అలాంటిది జరిగితే సిగ్గుపడి కూర్చోకండి, 1930 నంబరుకు ఫోను చేయండి.

సరే, వడ్డీ లేని దారి సంగతి. అది కొత్త విషయం కాదు, పరాయి విషయమూ కాదు. హైదరాబాదులో నిజాం కాలంలోనే వడ్డీ లేని అప్పుల సంఘాలు నడిచాయి. 1908లో అక్కడ పుట్టి, ఉస్మానియాలో చదివి, తర్వాత పారిస్‌లో స్థిరపడిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా గారు ఆ సంఘాల గురించి 1940లలోనే ఉర్దూలో వ్యాసం వ్రాశారు. అదే హైదరాబాదులో 1966లో తూర్ బైతుల్ మాల్ మొదలయింది. బంగారం కుదువ పెట్టుకుని వడ్డీ లేకుండా అప్పు ఇస్తారు. ఖుర్‌ఆన్ షరీఫ్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ అప్పును వ్రాసుకోవడం గురించి, సాక్షుల గురించి. మన వాళ్లు అది ఎన్నిసార్లు చదివి ఉంటారు! అయినా బావమరిదికి లక్ష రూపాయలు ఇచ్చి కాగితం అడగడానికి మొహమాటం. రెండేళ్ల తర్వాత ఆ బావమరిది సలాముకు జవాబు చెప్పడు. వ్రాసుకోవడం అంటే అపనమ్మకం అనుకుంటారు. బంధుత్వం నిలిచేది ఆ కాగితం వల్లనే.

మన సొసైటీకి మా విన్నపం ఇది. ఈ సావనీరులో ప్రకటనల వల్ల ఏటా కొంత మిగులుతుంది. షామియానా, బిర్యానీ ఖర్చు పోను మిగిలింది బ్యాంకులో పడి ఉంటుంది. దానితో కర్జె హసనా నిధి ఒకటి మొదలుపెట్టండి. మనిషికి పది వేలకు మించవద్దు. ఇద్దరు జామీను ఉండాలి. పది నెలల్లో తిరిగి కట్టాలి. ఒక వాయిదా తప్పితే గడువు ఇవ్వాలి, మూడు తప్పితే జామీను వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడాలి. జకాత్ సొమ్ము మాత్రం ఇందులో కలపవద్దు. జకాత్ ఇచ్చివేసేది, తిరిగి అడిగేది కాదు. అప్పుల్లో మునిగి తీర్చలేని బీదవాడికి జకాత్ చెల్లుతుంది కదా, అది వేరే పద్దు. వివరాలు ముఫ్తీ సాబ్‌లను అడిగి నిర్ణయించండి. పోయిన ఏడు ఇదే మాట అంటే, “ఎగ్గొడతారు మాస్టారూ” అన్నారు ఒక పెద్దమనిషి. కొందరు ఎగ్గొడతారు, నిజమే. చీటీలు ఎగ్గొట్టే వాళ్లు లేరా? అయినా మన ఆడవాళ్లు చీటీలు మానుకున్నారా? పదిమంది ఆపాలు కలిసి నెలకు వెయ్యి చొప్పున వేసుకుని, పాట లేకుండా వంతుల వారీగా తీసుకునే చీటీ ఉంది చూడండి, అది వడ్డీ లేని బ్యాంకే. మన మగవాళ్లకంటే వాళ్లే నయం, ఎప్పుడూ లెక్క తప్పలేదు.

ఇక రెండవ విషయం. మనిషి తన మీద తాను దయ చూపుకోవడం. ఈ మాట వినగానే కొందరు నవ్వుతారు, ఇదేదో పెద్ద ఊళ్ల వాళ్ల వేడుక అని. మేము చూసినంతలో అప్పులవాడికే ఇది ఎక్కువ అవసరం. మా దగ్గరకు వచ్చే ఒకాయన, ఆటోనగర్‌లో లారీ పని చేసేవాడు, జుమాకు రావడం మానేశాడు. ఎందుకంటే మస్జిద్ మెట్ల దగ్గర అప్పిచ్చినాయన కనిపిస్తాడని. ఇంట్లో మాట్లాడడు. పిల్లల మీద అరుస్తాడు. అరిచినందుకు రాత్రంతా తనను తాను తిట్టుకుంటాడు. “నేను దేనికీ పనికిరాను మాస్టారూ” అన్నాడు. మేము ఆయనను ఒకటే అడిగాము. “మీ తమ్ముడు షెడ్డు మునిగి అప్పులపాలై వస్తే, వాడితో ఈ మాట అంటారా?” అని. “ఛ, ఎలా అంటాను, వరద వస్తే వాడేం చేస్తాడు!” అన్నాడు. అని ఊరుకున్నాడు. కాసేపు మేమూ ఊరుకున్నాము.

హజ్రత్ సల్మాన్ ఫారసీ గారు తన మిత్రుడు అబూ దర్దా గారి ఇంటికి వెళ్లినప్పటి ఉదంతం ఉలమాల నోట మీరంతా విన్నదే. పగలంతా రోజా, రాత్రంతా నమాజ్ అని శరీరాన్ని, ఇంటిని పట్టించుకోని మిత్రుణ్ణి ఆయన పడుకోబెట్టారు, తినిపించారు. శరీరానికీ, ఇంటివాళ్లకూ నీ మీద హక్కు ఉన్నదని చెప్పారు. ప్రవక్త వారు (స) ఆ మాట నిజమన్నారు. ఇబాదత్ కోసమే శరీరాన్ని అలా అరగదీయకూడదంటే, దుకాణం కోసం అరగదీయవచ్చునా?

వ్యాపారస్తులకు మేము చెప్పే దయ చాలా మోటుగా ఉంటుంది. మీ ఖాతా పుస్తకంలో మీకు మీరు జీతం వ్రాసుకోండి. కుర్రాడికి జీతం వ్రాస్తారు, కరెంటు బిల్లు వ్రాస్తారు, పొద్దున ఏడు నుంచి రాత్రి పది దాకా నిలబడిన మీ కష్టానికి ఒక్క రూపాయి వ్రాయరు. గల్లాలోంచి అవసరం పడినప్పుడల్లా తీస్తారు. నెలాఖరున లాభం ఎక్కడ పోయిందో తెలియదు. దాని మీద మళ్లీ బాధ. నెలకు పన్నెండు వేలో, పదిహేను వేలో వ్రాసుకుని, అంతే తీసుకోండి. దుకాణం ఆ జీతం కూడా ఇవ్వలేకపోతే, లోపం మీలో లేదు, ఆ వ్యాపారంలో ఉందని తెలిసిపోతుంది. మార్చుకోవచ్చు. ఇంట్లో కూర్చుని జాకెట్లు కుట్టే ఆపాలు కూడా అంతే. మీ కుట్టుకూలీ “ఇంటి ఖర్చు” పద్దులో కలిసిపోతోంది. వేరే నోటు బుక్కు పెట్టండి. ఇంకొకటి, అందరూ తిన్న తర్వాత అడుగున మిగిలింది తినడం త్యాగం అనుకుంటున్నారు. మీకు రక్తం తక్కువని డాక్టరమ్మ వ్రాసిన చీటీ అలమారలోనే ఉంటుంది.

మనసు మరీ కుంగిపోయి, ప్రాణం మీదికి ఆలోచన పోతూ ఉంటే, దానికి ప్రభుత్వమే 2022 అక్టోబరులో టెలీ మానస్ అని పెట్టింది. నంబరు 14416. డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడవచ్చు. వ్రాసుకోండి. మీకు అక్కర్లేకపోయినా పక్కింటి వాళ్లకు అక్కరకు రావచ్చు.

విమానం సంగతి త్వరగా ముగిస్తాము. చౌక విమానాల చరిత్రలో మన గన్నవరానికి ఒక చిత్రమైన చోటు ఉంది. కెప్టెన్ గోపీనాథ్ గారి ఎయిర్ డెక్కన్ 2003లో మొదలయినప్పుడు హైదరాబాదు నుంచి విజయవాడకు వేసిన ప్రారంభ విమానానికి బయలుదేరే ముందే ఇంజనులో మంటలు వచ్చాయి. అందరూ క్షేమంగా దిగారు. అయినా కంపెనీ నడిచింది, రూపాయి టిక్కెట్లు కూడా అమ్మింది. తర్వాత కింగ్‌ఫిషర్‌లో కలిసింది, అదీ 2012లో ఆగిపోయింది. 2023 మేలో గో ఫస్ట్ ఆగిపోయింది, ముందే టిక్కెట్లు కొన్నవాళ్ల డబ్బు ఇరుక్కుపోయింది. కాబట్టి చౌకగా వస్తుందని ఎనిమిది నెలల ముందు కొనడం కూడా తెలివి కాదు. నెలా రెండు నెలల ముందు, పండుగ రోజులు తప్పించి, వారం మధ్యలో చూసుకోండి. దేశం లోపల ఎక్కువ కంపెనీలలో పెట్టె 15 కిలోలు, చేతి సంచి 7 కిలోలు. ఆవకాయ జాడీ చేతి సంచిలో పెడితే లోపలికి పోనివ్వరు, పెట్టెలో గట్టిగా కట్టి పెట్టండి. హైదరాబాదుకు మాత్రం రైలే నయం. గన్నవరం పోవడానికి, అక్కడ కూర్చోవడానికి, శంషాబాదు నుంచి ఊళ్లోకి రావడానికి పట్టే సేపట్లో రైలు చేరుస్తుంది.

మన ఇళ్లకు అసలు ముఖ్యమైనది గల్ఫ్ ప్రయాణం. గన్నవరానికి 2017లో అంతర్జాతీయ హోదా వచ్చింది, 2022 అక్టోబరు 31న షార్జాకు నేరుగా విమానం మొదలయింది. 2023లో మొదటిసారి హాజీలు ఇక్కడి నుంచే బయలుదేరారు. ఏ ఏడు ఏ ఊరి నుంచి అన్నది హజ్ కమిటీ ప్రకటన చూసి తెలుసుకోవాలి. కొడుకును పంపే ముందు మూడు కాగితాలు చూడండి. మొదటిది పేరు. మన పిల్లల పాస్‌పోర్టుల్లో షేక్, సయ్యద్, మొహమ్మద్ అని ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉంటుంది, కొందరికి ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంటుంది. 2022 నవంబరులో ఒకే పేరున్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్లను రానివ్వబోమని ఎమిరేట్స్ ప్రభుత్వం అన్నది. రెండో పేజీలో తండ్రి పేరు ఉంటే చాలునని తర్వాత సవరించింది. ఆ మధ్యలో ఎంతమంది విమానాశ్రయాల నుంచి తిరిగి వచ్చారో! టిక్కెట్టు మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా ఉండాలి.

రెండవది పదవ తరగతి సర్టిఫికెట్టు. పది పాసైన వాడికి ఎమిగ్రేషను క్లియరెన్సు అక్కర్లేని పాస్‌పోర్టు వస్తుంది. పాసు కానివాడు గల్ఫ్ దేశాలకు ఉద్యోగానికి పోవాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. తొమ్మిదిలో బడి మాన్పించి మెకానిక్ షెడ్డులో పెట్టే తండ్రులు ఇది వినాలి. మూడవది ఏజెంటు రసీదు. లైసెన్సున్న ఏజెంటు తీసుకోదగిన సేవారుసుము 30,000, దాని మీద జీఎస్టీ. మన దగ్గర లక్షన్నర, రెండు లక్షలు తీసుకుని విజిట్ వీసా చేతిలో పెట్టి, అక్కడికి పోయాక మారుస్తాం అంటున్నారు. అలా ఇచ్చింది పెట్టుబడి కాదు, అల్లా కాపాడాలి, పిల్లవాణ్ణే కుదువ పెట్టడం.

ఉమ్రాకు అప్పు చేసి పోయేవాళ్లకు ఒక్క మాట. హజ్జే స్తోమత ఉన్నవాడి మీద ఫర్జ్ అయినప్పుడు, ఉమ్రాకు వాయిదాల మీద ఎందుకు పోతారు? పొరుగువాళ్లు వెళ్లి వచ్చారని బాధపడవద్దు. ఏజెంటుకు డబ్బు కట్టే ముందు టిక్కెట్టు పీఎన్ఆర్ నంబరు అడిగి కంపెనీ వెబ్‌సైటులో మీరే చూసుకోండి. నంబరు ఇవ్వని వాడికి డబ్బు ఇవ్వకండి.

కమిటీ వారు గంట కొడుతున్నారు. అసర్ నమాజ్ తర్వాత వెనక గుమ్మం దగ్గర రెండు బల్లలు వేయిస్తున్నాము. ఒకదాని దగ్గర స్వనిధి, ముద్రా ఫారాలు నింపుతాము. ఆధార్ కార్డు, బ్యాంకు పాసు బుక్కు, రెండు ఫోటోలు, బండ్ల వాళ్లయితే మునిసిపాలిటీ కార్డు తెచ్చుకోండి. తేనివాళ్లు రేపు సాయంత్రం ఐదింటికి బడికి రండి. రెండవ బల్ల కర్జె హసనా నిధిది. కార్యదర్శి గారు ఇంకా ఒప్పుకోలేదు కాని, పుస్తకం కొని తెచ్చి పెట్టాము. మొదటి పేజీలో మా పేరు, మా వంతు వెయ్యి రూపాయలు వ్రాసి ఉన్నాయి. కింద గీతలు గీసి ఉంచాము.